అరోరా కోసం కాచుకునే చేతులు

డిసెంబరులో నీ-ఓలెసుండ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని ఆ చిన్న ఊళ్లో సౌండింగ్ రాకెట్లు వదిలే పనివాళ్లంటే నాకు ఎనలేని గౌరవం.

ఈ రాకెట్లు కక్ష్యలోకి వెళ్లవు. పైకెళ్లి, నిమిషాల్లో కొలతలు పంపి, సముద్రంలో పడిపోతాయి. ఒకసారి వదిలాక దారి మళ్లించడం కుదరదు. అందుకే సిబ్బంది వరసగా బెలూన్లు ఎగరేసి గాలివాటం కొలుస్తారు. దాన్నిబట్టి లాంచర్ పట్టాను కాస్త పక్కకో, కాస్త పైకో సవరిస్తారు. గాలి మారిందా, మళ్లీ మొదటికే! అన్నీ కుదిరినా, రాకెట్లు కొలవాల్సిన అరోరా, అంటే ధ్రువాల ఆకాశంలో మెరిసే వెలుగు, రావాలి కదా.

2018 డిసెంబరు 7న అది వచ్చింది. నాసా విజన్స్-2 ప్రయోగంలో రెండు రాకెట్లు రెండు నిమిషాల తేడాతో లేచాయి. అవి వెతికింది తప్పించుకుపోయే ఆక్సిజన్‌ను. భూమి ఆకర్షణ దాటాలంటే ఆక్సిజన్ పరమాణువుకు మామూలుగా ఉన్నదానికి దాదాపు వంద రెట్ల శక్తి కావాలి. అరోరాలో ఎలక్ట్రాన్లు కిందికి దూసుకొచ్చి పై వాతావరణాన్ని వేడెక్కిస్తాయి. అది ఉబ్బి పైకి లేస్తుంది. అక్కడి విద్యుత్ తరంగాలు ఆవేశం పొందిన ఆక్సిజన్‌ను అయస్కాంత రేఖల చుట్టూ అంతకంతకూ వేగంగా తిప్పుతాయి. కింద బలంగా, పైన బలహీనంగా ఉండే భూఅయస్కాంత క్షేత్రం అలా తిరిగే ఆక్సిజన్‌ను పైకి నెడుతుంది.

ఇంత సూక్ష్మమైన సంగతి మనకు చిక్కిందంటే, ఆ చలిలో పట్టా సవరించిన చేతులకూ అందులో సగం వాటా ఉంది.