తప్పుల ప్రతి

తాటియాకుపై వ్రాత మొదట కనబడదు. ఘంటపుమొన ఆకును గీయుచు పోవునేగాని సిరా విడువదు. ఆ గీతలలో మసి నిండిన పిమ్మటగాని అక్షరములు మేలుకొనవు. ఒకానొక విశ్వవిద్యాలయపు వ్రాతప్రతుల గదిలో, పూర్వమెవ్వరో మసి పూయుట మరచిన కట్టనొకదానిని నా యెదుట విప్పి, అచ్చటి పెద్దాయన దూదితో మసినూనె నద్ది పామినప్పుడు, ఆకెల్ల ఒక్కమారు నల్లనై, తుడిచినకొలది వరుసలు తేరి, పదమునకు పదమునకు ఎడములేని పద్యములు బయటపడుట చూచి, నేను చదువవచ్చిన సంగతియే కొంతసేపు మరచితిని.

సూచికలో ఆ కట్టకెదురుగా “అసమగ్రము; తప్పులు మెండు” అని యున్నది. తప్పుల ప్రతులన్న నాకును ఒకప్పుడు చులకనయే. కడపలో బ్రౌనుదొర చేసిన పని ఎరిగినపిదప ఆ చులకన సడలినది. ఆయన తన సొమ్ముతో పండితులను నిలిపి, ఒక్కొక్క కావ్యమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించి, గుమాస్తాచేత కాగితముపై ఎత్తివ్రాయించి, పద్యములకు అంకెలు వేయించి, పాఠాంతరములను చర్చింపజేసెను. జూలూరి అప్పయ పండితుని వ్యాఖ్యతో మనుచరిత్రము 1851లో అచ్చైనది ఆ శ్రమఫలమే. ఆయన కూర్చిన ప్రతులలో పెక్కు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున చేరినవి. అది చిరకాలము చేపాకమున విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనమందే నెలకొనియుండెను. మంచి ప్రతి యొక్కటి చాలునని ఆ దొర తలచియుండినచో మనకు మిగులునది ఒక్క లేఖకుని అభిప్రాయమే.

నా కట్టలో ఒకచోట “రాజు వలికె” అని యున్నది. పకార వకారముల భేదము ఆకుమీద వెండ్రుకవాసి; కనుక ఇది చేతిజారుపాటు కావచ్చును. కాని ప్రథమమీది పరుషమునకు గసడదవలు వచ్చునని వ్యాకరణమే చెప్పుచున్నది గదా! పోనీ యతి నడుగుదమన్న, ప-వలకు మైత్రి కలదు, అదియు సాక్ష్యమీయదు. మిగిలినది లేఖకుని గుణమొక్కటే. ఇతడు దీర్ఘములు మరచును, ఒత్తులు మ్రింగును, రెండు పాదములు విడిచి గ్రంథపాతమని గుర్తైన పెట్టడు. ఇట్టివాడు సంధిసూత్రము తలచి దిద్దునా? చదువుకొన్న వ్రాయసకానికే నేను ఎక్కువ భయపడుదును. వాని దిద్దుబాటు శుద్ధపాఠమువలె ఒదిగి కూర్చుండును. చదువురానివాని తప్పు దూరమునుండియే పిలుచును.

రెండవ ప్రతి తెప్పించితిని. ముత్యాలవంటి వ్రాత, ఒక్క ఒత్తైన తప్పలేదు. అందు “పలికె” అని యున్నది.

నోటుపుస్తకములో రెండును ప్రక్కప్రక్కన వ్రాసికొని, దేనిని కొట్టివేయక చూచుచుండగా, గది మూయువేళ యైనది. పెద్దాయన నిమ్మగడ్డి నూనె వాసన విడువని చేతులతో పలకల నడుమ ఆకులు సరిచేసి, త్రాడు చుట్టి, “రేపు ఏ కట్ట తీయమందురు?” అని యడిగెను. రెండును తీయుమంటిని.