అతుకు కనిపించే సంగీతం

1947 సెప్టెంబరు 29న న్యూయార్కులోని కార్నెగీ హాలులో డిజ్జీ గిలెస్పీ బిగ్ బ్యాండ్ చేసిన కచేరీ జాజ్ చరిత్రలో ఒక మలుపు. ట్రంపెట్లు, సాక్సఫోన్ల సరసన క్యూబా వాద్యకారుడు చానో పోజో కాంగా డోలు వాయించాడు. రెండు సంగీతాలకూ ఆఫ్రికాలో వేళ్లున్నాయి. నడకలు మాత్రం వేరు. ఆ డిసెంబరులో వారు రికార్డు చేసిన ‘మాంటెకా’లో ఇది తేటపడుతుంది. మొదటి భాగం పోజోది, క్యూబా లయలో సాగుతుంది. గిలెస్పీ కూర్చిన మధ్యభాగంలో లయ జాజ్ స్వింగు వైపు మళ్లుతుంది. అక్కడ అతుకు వినిపిస్తుందని కొందరు తప్పుపట్టవచ్చు. మాకది నిజాయితీగా తోస్తుంది. రెండు భాషల నడుమ బతికే మన ఇళ్లలోనూ ఇటువంటి అతుకులే వినిపిస్తాయి. వాటిని దాచవలసిన పనిలేదు.