పరారుణం ఏ పక్కన ఉంది?

తెలుగు మాధ్యమంలో ప్రాథమికోన్నత తరగతుల పిల్లలకు విద్యుదయస్కాంత వర్ణపటాన్ని పరిచయం చేసే పాఠాలు చాలావరకు ఒకే మూసలో నడుస్తాయి. ఒక పొడుగాటి పట్టీ బొమ్మ. ఒక కొసన రేడియో తరంగాలు, మరో కొసన గామా కిరణాలు, నడుమ సన్నగా ఇంద్రధనుస్సు. దాని కింద ఏడు పేర్లు. వాటిని వరుసగా అప్పజెప్పగలిగితే పాఠం వచ్చినట్లే. ఈ పద్ధతిపై మా అభ్యంతరం శాస్త్రపరమైనది కాదు, భాషాపరమైనది. పేర్లు పెట్టినవారు ఆలోచించే పెట్టారు. పాఠం రాసినవారు వాటిని విప్పి చూపలేదు.

తెలుగునాట ఈ లోపం అంతగా బయటపడదు. ఇతర రాష్ట్రాలలో పెరిగే మన పిల్లల చెవిన మరి రెండు భాషల పారిభాషిక పదాలు కూడా పడుతుంటాయి. ఎరుపుకు అవతలి కిరణాలను మనం పరారుణ కిరణాలంటాం, ఊదాకు అవతలివాటిని అతినీలలోహిత కిరణాలంటాం. హిందీలో మొదటివి అవరక్త, రెండవవి పరాబైంగనీ. అంటే మన ‘పరా’ ఎరుపు పక్కన నిలిస్తే, హిందీ ‘పరా’ సరిగ్గా ఎదుటి కొసన నిలుస్తుంది! మరాఠీలో అవరక్త, అతినీల. ఒడియాలో అవలోహిత, అతిబాయిగణీ. కన్నడంలో అవకెంపు, అతినేరళె. తమిళం దారి వేరు: అగచ్చివప్పు, పుఱ ఊదా. లోపలి ఎరుపు, వెలుపలి ఊదా అన్నమాట. సంగ సాహిత్యంలోని అగం, పుఱం భౌతికశాస్త్రంలోకి ఇలా నడిచిరావడం ముచ్చటగానే ఉంది.

ఇన్నింటి నడుమ ఒక్క ఉపసర్గ తారుమారైతే పిల్లవాడు తప్పు పాఠానిది అనుకోడు, తెలుగుది అనుకుంటాడు. ఆపైన ఇంగ్లీషు పేర్లను మాత్రమే పట్టుకుని తెలుగు పుస్తకం మూసేస్తాడు. మా ఆందోళన అది.

నిజానికి తెలుగు పేరులో తప్పులేదు. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, బల్లమీద పడిన రంగులలో ఉష్ణమాపకాలు ఉంచాడు. ఎరుపు దాటి, ఏ రంగూ లేనిచోట ఉంచినదానిలో వేడి ఇంకా ఎక్కువగా కనిపించింది. మరుసటి ఏడు రిట్టర్ ఊదా దాటినచోట సిల్వర్ క్లోరైడ్ మరింత త్వరగా నల్లబడటం చూశాడు. కాబట్టి మన ‘పరా’, ‘అతి’ రెండూ ఆ బల్లమీది చోటును చెబుతాయి. రెండింటికీ ‘దాటి’ అనే అర్థం. ‘అవ’ అన్న భాషలు పౌనఃపున్యం లెక్కను చెబుతాయి: ఎరుపుకన్నా తక్కువ, కనుక దిగువ. రెండూ సరైనవే. పాఠం ముందు బల్లను చూపి, తర్వాత పేరు చెప్పి ఉంటే చిక్కే లేదు. ఒక పట్టకం, బుడ్డికి నల్లరంగు పూసిన రెండు మూడు ఉష్ణమాపకాలు, ఎండపడే కిటికీ ఉంటే ఏ బడిలోనైనా చేయదగిన ప్రయోగమిది.

నీలలోహితం మాట వేరు. నీలమూ ఎరుపూ కలిసిన రంగు అని సంస్కృతం వచ్చినవారికి తెలుస్తుంది. పురాణం విన్నవారికి శివుడు గుర్తొస్తాడు. పన్నెండేళ్ళ పిల్లకు ఏదీ గుర్తురాదు. కన్నడం నేరేడుపండును, ఒడియా వంకాయను ఆశ్రయించాయి. మనకూ వంకాయరంగు ఉంది, ఊదా ఉంది. పదాన్ని మార్చమని మేము అనడంలేదు; మొదటిసారి వచ్చినచోట పక్కనే ‘వంకాయరంగుకు అవతలివి’ అని ఒక్క ముక్క రాస్తే చాలు.

పౌనఃపున్యం అనే పదం నోరు తిరగదని ఫిర్యాదు. ‘పునః పునః’ అని విరిచి చూపితే మళ్ళీ మళ్ళీ వచ్చేదని తెలిసిపోతుంది. ఆకాశవాణి హైదరాబాదు ‘ఎ’ కేంద్రానికి కేటాయించిన మధ్యతరంగం 738 కిలోహెర్ట్జ్‌లు. అంటే సెకనుకు 7,38,000 సార్లు; ఒక్కో తరంగం పొడవు సుమారు 406.5 మీటర్లు. రెండింటినీ గుణిస్తే దాదాపు 30 కోట్ల మీటర్లు, అంటే సెకనులో వెలుగు నడిచే దూరం. అదే ఎర్రని వెలుగైతే ఒక్క మిల్లీమీటరులోనే సుమారు 1,400 తరంగాలు ఇముడుతాయి. ఏడు పేర్ల వరుస చెప్పలేనిది ఈ గుణకారం చెబుతుంది: రేడియో, వెలుగు ఒకే జాతివి. రంగే లేనివాటిని ‘వర్ణ’పటంలో ఎందుకు చేర్చామో కూడా అప్పుడే బోధపడుతుంది.

ఇక పాత పుస్తకాలలోని క్ష-కిరణాలు. 1895లో రాంట్‌జెన్ వాటి స్వభావం తెలియక ‘ఎక్స్’ అన్నాడు. మరాఠీ బీజగణితంలో తెలియని రాశి క్ష, కనుక అక్కడ ఆ పేరులో అర్థం నిలిచింది. మన బీజగణితంలో తెలియని రాశి ఎక్స్‌గానే ఉండిపోయింది. క్ష అంటే మన పిల్లలకు వర్ణమాల చివరలో వచ్చే ఒక అక్షరం, అంతే. ఇప్పుడు పుస్తకాలలో ఎక్స్ కిరణాలు అనే రాస్తున్నారు. అదే మేలు.