తాళము లేని అక్షరము

సాంకేతిక విజ్ఞానమును గూర్చి పత్రికలలో చర్చ సాగినప్పుడెల్ల, సెల్‌ఫోను మన మాటలను చాటుగా వినుచున్నదా, మన ముఖచిత్రములు ఏ దూరదేశపు యంత్రములలో పోగుపడుచున్నవి, మన పిల్లల దృష్టి దినమునకెన్ని గంటలు తెరకు కట్టువడి యున్నది అను ప్రశ్నలే ముందునకు వచ్చుచుండును. అవి గురుతరమైన ప్రశ్నలే, కాదనను. కాని వారము వారము ఈ శీర్షికకు వ్యాసము వ్రాసి పంపుట అభ్యాసముగా గల నాకు, పైకి అల్పముగా కనబడుచు లోనికి పోయిన కొలది పెద్దదగుచున్న ప్రశ్న యొకటి కలదు: నేడు నేను కంప్యూటరులో కూర్చిన తెలుగును, ఇరువది యేండ్ల పిదప, ఎవరి అనుమతియు యాచింపక, ఎవరి యంత్రమును అరువు తెచ్చుకొనక, నేనైనను మరియొకరైనను చదువగలమా?

సీసపు అచ్చుల కాలమున ఈ ప్రశ్నకు తావే లేకుండెను. కంపాజిటరు గళ్ళపెట్టె ముందు నిలిచి, హల్లు నొక గడినుండియు వత్తు నొక గడినుండియు ఏరి కూర్చి, ఫారము కట్టి, ప్రూఫు తీసి యిచ్చెడివాడు. పని ముగిసిన పిదప అచ్చులను విడదీసి మరల వానివాని గళ్ళలో చేర్చెడివాడు. కూర్పు చెదరిపోయినను కాగితము నిలిచెడిది. ఆ కాగితమును చదువుటకు ఆ ప్రెస్సు యజమాని సమ్మతి గాని ఆ గళ్ళపెట్టె గాని అక్కఱలేకుండెను. చెన్నపట్టణమున 1854లో వెలసిన వావిళ్ల వారి ముద్రణాలయమునుండి వచ్చిన పాత పుస్తకము నేడు చేతికి దొరికినచో, పుటలు పెళుసుబారి యుండవచ్చును, అంచులు పురుగు తిని యుండవచ్చును. కాని మిగిలిన మేరకు అది తెలుగుగనే మిగిలియుండును.

పిదప కంప్యూటరుమీద అక్షరములను కూర్చు డీటీపీ వచ్చినది. విజయవాడ, హైదరాబాదు వంటి నగరములలో ముద్రణాలయములున్న ప్రతి వీధికిని ఒకటి రెండు కేంద్రములు వెలసినవి. ఆ చిన్న గదులలో కూర్చుండి, నావంటివారి గొలుసుకట్టు వ్రాతను మాకంటె బాగుగ చదివి, మేము మఱచిన అరసున్నలను మందలింపుగా గుర్తుచేసి, కీబోర్డును చూడక వత్తులను దీర్ఘములను వేగముగ పొదుగగలిగిన ఆపరేటర్లయెడ నాకు అపారమైన గౌరవము కలదు. తెలుగు ప్రచురణను అల్పవ్యయముతో సాధ్యము చేసినవారు వారే. చిన్న కథాసంపుటములు, జిల్లా పత్రికలు, పెండ్లిపిలుపులు, పరిశోధన గ్రంథములు అన్నియు ఆ చేతుల మీదుగనే వెలువడినవి. నా ఫిర్యాదు వారిమీద కాదు. వారు వాడక తప్పని పనిముట్టు లోపల జరిగిన యేర్పాటుమీద.

ఆ యేర్పాటు ఎట్టిదో కొంచెము వివరింపవలెను. కంప్యూటరు అక్షరమును ఎఱుగదు, సంఖ్యనే ఎఱుగును; ఏ సంఖ్య ఏ అక్షరమునకు గుర్తు అను పట్టిక యుండిననే సంఖ్య తెరమీద అక్షరమగును. నాటి యంత్రములు ఒక అక్షరమునకు ఒక బైటు కేటాయించెడివి. అందు పట్టు విలువలు 256 మాత్రమే. వానిలో మొదటి సగము ఆంగ్లాక్షరములకును అంకెలకును చిహ్నములకును ముందే చెందియుండుటచే, తెలుగు ఫాంటులు నిర్మించినవారు ఒక చమత్కారమును కనుగొనిరి. ఆంగ్లాక్షరము కూర్చుండవలసిన స్థానమున తలకట్టునో, గుడినో, కొమ్మునో, వత్తునో, హల్లులోని యొక భాగమునో బొమ్మగా నిలిపిరి. యంత్రము తాను ఏదో ఆంగ్లాక్షరమును చూపుచున్నానని తలంచుచుండగా, మన కన్నులు తెలుగును చూచుచుండెడివి. ఇమ్మని యడిగినవారికి చోటు ఈయని పట్టికలో ఆ విధముగ చోటు సంపాదించుట నిజముగ ప్రతిభయే. కాని ఆ చమత్కారమునందు ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క పట్టికను కల్పించుకొనుటయు, దానిని తన సొత్తుగా దాచుకొనుటయు, కొన్నియెడల ఆ సాఫ్ట్‌వేరునకు కంప్యూటరు వెనుక తగిలించు తాళము వంటి పరికరము నొకదానిని జతపఱచుటయు జరిగినది. పెక్కు భారతీయ భాషలకు ఉమ్మడిగా భారతీయ ప్రమాణముల సంస్థ 1991లోనే ఇస్కీ యను ప్రమాణమును ప్రకటించి యున్నను, మన ముద్రణరంగము దానిని నిత్యవ్యవహారములోనికి గైకొనలేదు.

దాని ఫలితము నాకు స్వయముగా అనుభవమునకు వచ్చినది. పూర్వము వెలువడిన నా వ్యాసముల సంపుటమును మరల ముద్రింపవలెనని ఒక ప్రచురణకర్త కోరగా, భద్రముగా దాచిన సీడీని తెచ్చి యిచ్చితిని. ఆ పుస్తకము కూర్చిన కేంద్రము మూతపడియుండెను. ఆ ఫాంటు కొత్త యంత్రములో నిలువకుండెను. పుటలను విన్యసించిన పేజ్‌మేకరునకు 2001లో వచ్చిన ఏడవ రూపమే చివరిదగుటచే, దానిని నడుపు కంప్యూటరును వెదకుటయే యొక పనియైనది. ఎట్టకేలకు ఫైలు తెఱచుకొన్నది గాని, తెరమీద కనబడినవి అర్థము లేని ఆంగ్లాక్షరములు, నడుమ నడుమ ప్రశ్నార్థకములు, డాలరు గుర్తులు. గాదె మనది, ధాన్యము మనది, తాళపుచెవి మాత్రము ఎవరిదో యైనట్లు, నా వాక్యములు నా చేతిలోనే యుండియు నాకు అందకపోయినవి.

ఇందలి వైపరీత్యమును గమనింపుడు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, గ్రంథకర్త జీవించియున్నంత కాలమే గాక, అతడు గతించిన పిదప 60 సంవత్సరముల వరకును అతని రచనపై హక్కు నిలిచియుండును. నా మనుమలు సైతము అనుభవింపదగినంత దీర్ఘమైన హక్కును చట్టము నాకు ప్రసాదించినది. ఆ హక్కునకు ఆధారమైన ఫైలు పాతికేండ్లయినను నిలువదు. కాగితముమీద నేను యజమానినే. యంత్రములో మాత్రము, ఆ పట్టికను దాచుకొన్నవాడు అనుగ్రహించినంత కాలమే నేను యజమానిని. రచయితల హక్కులను గూర్చి సభలలో మాటలాడు మనము రాయల్టీని గూర్చి మాటలాడుదుము, చౌర్యమును గూర్చి మాటలాడుదుము. మన పాఠము ఏ సంకేతములో నిలిచియున్నదని అడుగుట ఎన్నడును మన తలపునకు రాదు.

నష్టము రచయితతో ఆగిపోదు. చూపులేని పాఠకుడు కంప్యూటరునందు స్క్రీన్ రీడరు సహాయమున పుస్తకములను వినును. ఆ సాఫ్ట్‌వేరు బొమ్మను చూడదు, సంఖ్యలనే చదువును. కావున పాత ఫాంటులో కూర్చిన తెలుగు కథను అతనికి అసంబద్ధమైన ఆంగ్లాక్షరముల వరుసగా వినిపించును. దృష్టిలోపము గలవారికి గ్రంథములను అందుబాటులోనికి తెచ్చుటకై 2013లో మరకేష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను 2014లో ప్రపంచమున అందఱికంటె ముందు ధ్రువీకరించిన దేశము మనదే. మన కాపీరైటు చట్టమును అంతకు పూర్వమే, 2012లో, అట్టి ప్రతులను చేసికొనుటకు వీలుగా సవరించిరి. చట్టము తలుపు తెఱచి యుంచినది. మన ఫాంటులు గడియ వేసినవి. పీడీఎఫ్ ఉన్నది గదా యని కొందఱందురు. కంటికి అది నిర్దుష్టమైన తెలుగుగనే తోచును; కాని అందొక మాటను వెదకి చూడుడు, ఒక వాక్యమును ఎత్తి వేఱొకచోట అతికించి చూడుడు; అడుగున దాగియున్న ఆ ఆంగ్లాక్షరముల చెత్తయే బయటపడును.

ఈ చిక్కునకు పరిష్కారము చిరకాలమునుండి మన యెదుటనే యున్నది. ప్రపంచ భాషల అక్షరములకు ఉమ్మడి సంఖ్యల పట్టికయైన యూనికోడు 1991లో వెలువడగా, దాని మొదటి రూపమునందే తెలుగునకు ప్రత్యేక స్థానము లభించినది. అందు 128 స్థానముల పట్టిక మనది; దానిని ఎవరైనను చూడవచ్చును, ఎవరైనను వాడవచ్చును. అంతకంటె ముఖ్యమైన విషయము, యూనికోడు అక్షరమును దాని ఆకారమునుండి వేఱుచేసినది. ‘క్ష’ యని వ్రాసినప్పుడు ఫైలులో నిలుచునది ఆ ముడివడిన బొమ్మ కాదు. కకారము, పొల్లు, షకారము అను మూడు గుర్తులు, మనము ఉచ్చరించు వరుసలోనే నిలుచును. వానిని ఎట్లు అందముగ ముడివేయవలెనో చూచుకొనుట ఫాంటు పని. ఆ ఫాంటు మారినను పాఠము మారదు. వెదకుట, అకారాది క్రమమున పేర్చుట, వినిపించుట అన్నియు ఈ యొక్క విభజనవలననే సాధ్యమైనవి. లోపమున్నచో బహిరంగముగ ప్రతిపాదించి దిద్దుకొనుటకును వీలు కలదు: దంత్యములైన ౘ, ౙ లకు 2008లోను, నకారపొల్లునకు 2021లోను స్థానము కల్పింపబడినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు మొదలుకొని, నేడు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో లభించుచున్న మండలి, సూరన్న, ధూర్జటి, గిడుగు, రామరాజ, మల్లన్నల వరకు, ఎవరైనను ఉచితముగా దించుకొని వాడుకొనదగిన అక్షరసంపద పెరుగుచు వచ్చినది. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా ఇంతటి విజ్ఞానరాశిగా పెరుగుటకును ఆ యుమ్మడి పట్టికయే పునాది.

యూనికోడునందు లోపములు లేవని నేననను. ప్రెస్సువారి వాదమునందు న్యాయమున్నది. పుటవిన్యాసమునకు వాడు సాఫ్ట్‌వేర్లు చాలకాలము తెలుగు వత్తులను సరిగ కూర్చలేకపోయినవి. పాత ఫాంటులలో ఉన్నంత వైవిధ్యమును నిండుదనమును ఆరంభమున క్రొత్తవానిలో లేకుండెను. చేయి తిరిగిన కీబోర్డును విడిచి మరియొకటి నేర్చుకొనుట అనగా, పుటకింతయని కూలి పుచ్చుకొను ఆపరేటరునకు కొన్ని నెలల రాబడిని వదలుకొనుటయే. సెల్‌ఫోను సందేశములలో ఆంగ్లమున 160 అక్షరములు పట్టుచోట తెలుగున 70 గుర్తులు మాత్రమే పట్టుట, అందును గుణింతపు గుర్తులు పొల్లులు వేఱువేఱుగ లెక్కకు వచ్చుట, మన భాషపై వేసిన సుంకమువలె తోచినది. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ యను అక్షరమునకు సంబంధించిన ఒకానొక సంకేతక్రమము సందేశముగా వచ్చినంత మాత్రమున ఐఫోనులోని ఆప్‌లు కుప్పకూలిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. దోషము ఏ గుర్తుల కూర్పులో నున్నదో అందఱును బహిరంగముగ చర్చించిరి, పట్టిక బహిరంగము గనుక. దానిని దిద్దుటకు మాత్రము ఆ నెలలోనే తయారీదారు పంపిన సవరణకై వేచియుండవలసి వచ్చినది, ఫోనులోని సాఫ్ట్‌వేరు అతని గుప్పిట నున్నది గనుక. ఏది ఉమ్మడి సొత్తో, ఏది కాదో, ఆ యొక్క ఉదంతమే తేటపఱచినది.

పాఠకుని వైపునను కథ వేఱుగ లేదు. 2009లో అమెజాన్ సంస్థ, కొనుగోలుదారుల కిండిల్ పరికరములలోనుండి జార్జి ఆర్వెల్ నవలల కొన్ని ప్రతులను, హక్కులు లేనివాడు అమ్మినాడని, వారిని అడుగకయే తొలగించి పిదప క్షమాపణ చెప్పుకొన్నది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకవిక్రయశాలను మూసివేసి, సొమ్ము తిరిగి యిచ్చినదే గాని, కొన్న పుస్తకములను మాత్రము పాఠకుల వద్ద ఉండనీయలేదు. డబ్బు తిరిగి వచ్చినది గదా యనువారు, పుటల అంచులలో వ్రాసికొన్న గుర్తులను ఎవరు తిరిగి యిత్తురో చెప్పవలెను.

కావున నేను అవలంబించుచున్న పద్ధతి మిక్కిలి సామాన్యమైనది. వ్యాసమును యూనికోడులోనే కూర్చుదును. అలంకారములేమియు లేని సాదా పాఠముగా ఒక ప్రతిని వేఱుగ దాచుదును. దానిని ఒకే సంస్థవారి యంత్రముమీద గాక వేఱువేఱు చోట్ల నుంచుదును. పాత వ్యాసములను సంకేతము మార్చు సాధనములతో యూనికోడులోనికి తెచ్చుకొనుచున్నాను. ఆకారముల వరుసయు ఉచ్చారణపు వరుసయు ఒకటి కానందున వత్తులు తారుమారగును, దీర్ఘములు జాఱిపోవును, కావున పంక్తి పంక్తియు ప్రూఫు చూచినట్లే చూడవలసి వచ్చుచున్నది. ఫైలు దొరకనివానికి అచ్చుపుటను స్కాను చేసి, బొమ్మనుండి అక్షరములను గుర్తించు ఓసీఆర్‌చే చదివించి, తప్పులు దిద్దుచున్నాను. వికీసోర్సునందు పాత గ్రంథములను నిలుపుచున్న స్వచ్ఛంద కార్యకర్తలు చేయుచున్న పనియు ఇదియే. విసుగు పుట్టించు పనియే యైనను, తన పాత వాక్యమును తాను మరల అక్షరమక్షరముగ చదువవలసి వచ్చుట రచయితకు మేలే చేయును.

కాని ఒక వ్యక్తి జాగ్రత్తతో తీరునది కాదిది. ఈ-పరిపాలనకు బహిరంగ ప్రమాణములను గూర్చి కేంద్ర ప్రభుత్వము 2010లోనే విధానమును ప్రకటించినది. దాని యందలి న్యాయమే మన అకాడమీలకును, విశ్వవిద్యాలయములకును, పాఠ్యపుస్తకముల సంస్థలకును, పత్రికలకును వర్తింపవలెను. ప్రజాధనముతో కూర్చిన తెలుగు, ప్రజలు వెదకుకొనుటకును, వినుటకును, మరల ముద్రించుకొనుటకును వీలైన రూపమున నిలువవలెను. అందులకు క్రొత్త చట్టముగాని ప్రత్యేక నిధిగాని అక్కఱలేదు. పుస్తకమును అచ్చునకిచ్చు ప్రతి రచయితయు, ప్రతి సంస్థయు, డీటీపీ కేంద్రమునకిచ్చు ఆర్డరు కాగితముమీద ఒక్క వాక్యమును చేర్చిన చాలును: ముద్రణకు సిద్ధపఱచిన పీడీఎఫ్‌తోబాటు, దిద్దుబాటులన్నియు పూర్తియైన పాఠమును యూనికోడులో అందజేసిన పిదపనే బిల్లు చెల్లింపబడును.