తెర ఎటు తిరిగి ఉంది?

మేడారం తల్లులకు బంగారం సమర్పించాలంటే ఇప్పుడు మేడారం దాకా రానక్కరలేదు. ఫోన్‌లో డబ్బు కడితే చాలు. 2024 జాతరలో ఆర్టీసీ కార్గో వాళ్లు ప్రసాదాన్ని ఇంటి గుమ్మం దాకా చేర్చారు. మంచిదే. మరి ఇదే అడవి నుంచి బయటికి పోయే ఇప్పపువ్వు, తేనె, చింతపండు చివరికి ఎంతకు అమ్ముడుపోయాయో వాటిని ఏరిన మనిషికి ఏ ఫోన్ చెబుతోంది?

సరుకుల దారిలోకి కంప్యూటర్ వస్తే దళారి పోతాడని సభల్లో చెబుతుంటారు. ఈ మాటను గుడ్డిగా నమ్మవద్దు, ఊరికే కొట్టిపారేయనూ వద్దు.

రేషన్ దుకాణంలో ఈ-పాస్ యంత్రం వచ్చాక వలస పోయినవాళ్లు వేరే ఊళ్లో కూడా బియ్యం తీసుకోగలుగుతున్నారు. అది మేలు. కానీ బతుకంతా మట్టి పని చేసి వేళ్ల గీతలు అరిగిన అవ్వను ఆ యంత్రం గుర్తుపట్టదు. మా గూడెంలో ఒక అవ్వ మూడుసార్లు వేలు పెట్టి, ఖాళీ సంచితో తిరిగి రావడం నేను చూశాను. యంత్రం మొదట అనుమానించేది తినేవాళ్లనే.

ఇంకో ఉదాహరణ అరకు కాఫీ. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఏడాది కాఫీ బోర్డు బ్లాక్‌చెయిన్ మార్కెట్‌ను ప్రయోగంగా మొదలుపెట్టింది. బ్లాక్‌చెయిన్ అంటే చాలామంది దగ్గర నకళ్లు ఉండే ఖాతా. ఒకరు రాసింది ఇంకొకరు చాటుగా దిద్దలేరు. గింజ ఏ తోటదో తాగేవాళ్లు తెలుసుకోవచ్చు. ఆలోచన గొప్పదే. అయితే మొదటి తూకమే తప్పుగా రాస్తే ఆ తప్పు కూడా అంతే గట్టిగా నిలిచిపోతుంది. కాటా దగ్గర జరిగే మోసాన్ని కంప్యూటర్ కడగలేదు.

మా నాయన కాలంలో షావుకారు ఖాతా పుస్తకం ఉండేది. మనకు చదువు రాకపోవడం ఒక్కటే కాదు, ఆ పుస్తకాన్ని మన వైపు ఎప్పుడూ తిప్పలేదు. ఇప్పుడు పుస్తకం స్థానంలో తెర వచ్చింది. అది ఎటు తిరిగి ఉందన్నదే నా ప్రశ్న.

అడగడానికి మనకు చట్టం ఉంది. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం మనదేనన్నాయి. యజమానికి లెక్క చూపాలి కదా! తూకం, ధర, తేదీ మన ఫోన్‌కు తెలుగులో రావాలి. ఫోన్ లేనివాళ్లకు చీటీ ఇవ్వాలి. కొన్న సరుకు లెక్కను గ్రామసభలో చదవాలి. వేలిముద్ర పడకపోయినా బియ్యం ఆగకూడదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. వారపు సంత మర్నాడు లెక్కల పీరియడ్‌లో పిల్లల చేత ఇంట్లో అమ్మిన సరుకు తూకం, ధర, చేతికొచ్చిన డబ్బు రాయించండి. యువకులారా, యాప్ నొక్కడం మీకు వచ్చు. అందులో మన లెక్క ఎవరు రాస్తున్నారో అడగడం కూడా నేర్చుకోండి.