సత్తు పడవకు రంగు

సర్వరాయసాగర్ జలాశయం కట్ట కింద ఒక పడవను చూసి ఈ వారం నా మనసు చివుక్కుమంది. పాత సత్తు (అల్యూమినియం) పడవ. పోయిన ఎండాకాలం దానికి నీలం రంగు వేశారు. ఇప్పుడు గోటితో అంచు లేపితే చాలు, అరచేతి వెడల్పున పెచ్చు ఊడి చేతికొస్తోంది. పెచ్చు అడుగున ఎర్రటి ప్రైమరు. దాని అడుగున నిన్న మొన్న కార్ఖానా నుంచి వచ్చినట్టు మెరిసే రేకు. రంగు పోయిందనే బాధ కంటే, ఒక మనిషి రెక్కల కష్టం, కూడబెట్టిన డబ్బు అలా నీళ్ళ పాలు కావడం చూసి కడుపు మండింది.

పడవ వీరపునాయునిపల్లె వైపు చేపలు పట్టుకునే ఒక యువకుడిది. ప్రాజెక్టు పనుల కాలంలో ఎవరో వాడి వదిలేసినదాన్ని పాతసామాన్ల అంగట్లో కొన్నాడట. ‘అంగడాయన ఇచ్చిందే పూసినా నా. రెడ్ ఆక్సైడు రెండు కోట్లు, పైన ఎనామిలు రెండు కోట్లు. ఇంగేం జేయాల?’ అన్నాడు. అతని తప్పేం లేదు. ఇంటి గేటుకైనా, ట్రాక్టరు ట్రాలీకైనా, కిటికీ ఊచలకైనా మన దగ్గర అంగట్లో చేతికిచ్చేది ఆ ఎర్ర డబ్బానే. అది ఇనుము కోసం పుట్టిన మందు. సత్తుకు పట్టదు.

ఎందుకు పట్టదో చెప్పాలి. సత్తు గీసిన మరుక్షణమే గాలి తగిలి దాని మీద ఒక పొర కడుతుంది. ఆ పొర మందం మన తల వెంట్రుకలో పదివేలో వంతుకు కూడా రాదు. కంటికి కనపడదు, కానీ గట్టిది, నున్ననిది. రంగుకు పట్టు దొరకాలంటే ముందు రేకును థిన్నరుతో తుడిచి జిడ్డు తీయాలి. ఆ తర్వాతే ఉప్పుకాగితం పట్టాలి. జిడ్డు తీయకుండా రుద్దితే ఆ జిడ్డునే గీతల్లోకి ఎక్కించినట్టవుతుంది. ఇనుప బ్రష్షుతో రుద్దకూడదు, దాని నలుసులు సత్తులో దిగబడి తుప్పు మచ్చలు లేపుతాయి. రుద్దిన రోజే ఎచ్ ప్రైమరు పల్చగా కొట్టాలి. అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం లోహాన్ని కొద్దిగా కొరికి పట్టు దొరికిస్తుంది. ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమరు, దాని మీదే రంగు. ఎచ్ ప్రైమరు పల్లె అంగళ్ళలో దొరక్కపోతే ప్రొద్దుటూరులో కార్ల రంగులు కలిపే అంగళ్ళలో అడగాలి.

అడుగు సిద్ధం కానిదే పూత నిలవదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. గోడల సున్నం గురించి రాసినా, తలుపుల వార్నీషు గురించి రాసినా నా మాట అక్కడికే చేరుతుంది. ఈ పట్టుదల నాకు పుస్తకాల్లోంచి రాలేదు, కళాయి పోసే సాయిబు దగ్గర వచ్చింది.

ఎండలు ముదరకముందు ఆయన మా ఊరికి వచ్చేవాడు. రచ్చకట్ట దగ్గర వేపచెట్టు కింద చిన్న గుంత తవ్వి, తోలుతిత్తి గొట్టం అందులోకి దింపి, బొగ్గులు పేర్చేవాడు. ఊళ్ళోని రాగి, ఇత్తడి సామాను అంతా అక్కడికి చేరేది. ఆ లోహాల్లో చింతపండు పులుసు కాస్తే చిలుము దిగుతుంది, చిలుము విషం. అందుకే ఏడాదికోసారైనా లోపల తగరం పూత పడాల్సిందే. అందరూ చూడ్డానికి మూగేది పూత వేసే క్షణం కోసం. నాకు మాత్రం దానికి ముందు జరిగే పని ఇష్టం. ఆయన వెంట వచ్చే పిల్లవాడు పెద్ద గుండిగలో ఇసుక పోసి, పాత గోనెపట్టా వేసి, లోపలికి దిగి నిలబడేవాడు. చెట్టు కొమ్మ పట్టుకుని నడుము అటూ ఇటూ తిప్పుతూ కాళ్ళతో రుద్దేవాడు. గుండిగ అడుగున నల్లదనం కరిగి ఎర్రటి రాగి బయటపడేదాకా ఆ తిరగడం ఆగేది కాదు. మధ్యలో సాయిబు వచ్చి లోపలికి తొంగిచూసి, ఒక మూల వేలు పెట్టి చూపించి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. పిల్లవాడు మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఆ తర్వాత నిప్పు. గిన్నె కాగి రంగు మారుతుండగా నవాసారం పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచి ముక్కుపుటాలు మండేవి. ఇసుకకు లొంగని మసకను కూడా ఆ పొగ తినేస్తుంది. అప్పుడు తగరం కడ్డీ ఒక్కసారి తాకించి, దూదితో గిన్నె చుట్టూ ఒక్క తిప్పు తిప్పితే ఎర్రటి లోహం మీద వెన్నెల రంగు పరుచుకునేది. కడ్డీ తాకింది ఒక్క క్షణమే. మిగతా పూటంతా పోయింది ఇసుకకు, నవాసారానికి.

ఆ సాయిబు వృత్తిని సత్తు, స్టీలు కలిసి మింగేశాయి. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ ఒకరికొకరు తెలియకుండా కరెంటుతో సత్తు తీసే పద్ధతి కనిపెట్టారు. పన్నెండేళ్ళకే, 1898లో, మద్రాసు ఆర్ట్స్ స్కూలులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఆ లోహంతో గిన్నెలు చేయించడం మొదలుపెట్టాడు. మన జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోదే. తేలిక, చవక, కళాయి బెడద లేదు. బీదవాడి వంటింట్లోకి అది రావడం నా దృష్టిలో గొప్ప మార్పే.

పడవ యువకుడికి ఏమేం కొనాలో చీటీ రాసిద్దామని పెన్ను తీసినప్పుడు ఇదంతా తలపుకొచ్చింది. దాంతోపాటే ఇంకో మాట. మా అవ్వ ఒకసారి కళాయి కోసం తీసిన సామానులో సత్తు గిన్నె కూడా పెట్టింది. సాయిబు దాన్ని తీసి పక్కన పెట్టి, ‘దీనికి కళాయి ఎందుకమ్మా, ఇది తన పూత తానే పోసుకుంటది’ అన్నాడు.

నిజమే కదా. అసలు పడవ బయటి వైపు రంగు ఎందుకు? ఇనుముకైతే రంగు ప్రాణం. తుప్పు ఉబ్బి రాలిపోతుంది, రాలినచోట కొత్త ఇనుము మళ్ళీ తుప్పుకు దొరుకుతుంది. సత్తు మీద కట్టే పొర రాలదు. రాయి గీసుకున్నా క్షణంలో మళ్ళీ కడుతుంది. మెరుపు పోయి బూడిదరంగుకు తిరిగిన సత్తే నీళ్ళలో గట్టిగా నిలబడేది. సర్వరాయసాగర్‌లో ఉన్నది ఉప్పునీరు కాదు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు దాటి, గోరకల్లు, అవుకు, గండికోట, వామికొండ మీదుగా వచ్చిన కృష్ణమ్మ. ఈ నీళ్ళలో రంగులేని సత్తు పడవ ఏళ్ళకేళ్ళు తిరుగుతుంది. ఊడుతున్న రంగే దానికి హాని. పెచ్చు కింద చేరిన తడి గాలాడక అక్కడే మగ్గి రేకును గుంటలు పొడుస్తుంది. సముద్రంలోనైతే సంగతి వేరు, అక్కడ పూత అవసరం పడవచ్చు, వేస్తే సరైన పద్ధతిలోనే వేయాలి. కానీ నాచు, గుల్ల పట్టకుండా చెక్క పడవలకు పూసే రాగి రంగు మాత్రం సత్తుకు తగలనివ్వకూడదు. రాగి, ఉప్పునీరు కలిస్తే సత్తును తినేస్తాయి.

కాబట్టి చీటీలో బయటి రంగు కొట్టేశాను. అతని డబ్బు, కష్టం పోవాల్సింది కారడం ఆపడానికి. ఆ పడవ రేకులను రివిట్లతో కలిపారు. దాన్ని రెండు దుంగల మీద ఎత్తిపెట్టి, లోపల జానెడు నీళ్ళు పోసి, కింద పడుకుని చూశాం. ఎక్కడ చెమర్చితే అక్కడ సుద్దతో సున్నా చుట్టాం. సున్నాలన్నీ దాదాపు వెన్నుపట్టీ పొడుగునే వచ్చాయి. కదిలిన రివిట్టుకు బయట ఒకరు బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటే, లోపల ఇంకొకరు సుత్తితో కొట్టి బిగించాలి. తల అరిగిపోయినదాన్ని తీసి కొత్త సత్తు రివిట్టే వేయాలి, ఇనుప బోల్టు కాదు. అతుకు వెంబడి లోపలి నుంచి పాలీయురేథేన్ సీలెంటు నింపాలి. ఎమ్-సీల్ రాయిలా గట్టిపడుతుంది. రేకుకు చిల్లి పడితే అది మేలే, కానీ అల తగిలినప్పుడల్లా కదిలే అతుకు దగ్గర బీట వేస్తుంది.

‘పుట్టికి మాదిరి తారు పూస్తే సరిపోదా నా?’ అని అడిగాడు. పుట్టి వెదురు అల్లిక మీది పట్టా తారును పీల్చుకుంటుంది, అందుకే అక్కడ నిలుస్తుంది. పీల్చుకోని నున్నటి రేకు మీద తారు మన ఎండలకు మెత్తబడి జారిపోతుంది.

ఒడ్డున పెట్టేటప్పుడు తడి సిమెంటు మీద, సున్నపు నేల మీద బోర్లించవద్దనీ, కడగడానికి చాకలిసోడా వాడవద్దనీ చెప్పాను. సున్నం, సోడా ఆ కనపడని పొరను కరిగించేస్తాయి. అడుగు పలకల కింద చేరే బురద, ఆకులు ఎప్పటికప్పుడు తీసేయాలి.

లోపలి వైపుకు మాత్రం రంగు వేయమన్నాను, తెల్లరంగు. వట్టి సత్తు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది గానీ, తాగిన కాస్త వేడిని బయటికి వదలదు. మే నెల మధ్యాహ్నం దాని మీద కూర్చుంటే తొడలు బొబ్బలెక్కుతాయి, తళుకు కళ్ళలో పొడుస్తుంది. తెలుపు ఎండనూ తిప్పికొడుతుంది, వేడినీ వదిలేస్తుంది. ఆ పూతకు మాత్రం పైన చెప్పిన థిన్నరు, ఉప్పుకాగితం, ఎచ్ ప్రైమరు ఏదీ తప్పించుకోవడానికి లేదు. నిలబడి వల లాగే చోట, రంగు తడిగా ఉండగానే జల్లించిన సన్న ఇసుక చల్లి, ఆరాక దాని మీద ఇంకో పూత వేయాలి. తడి కాళ్ళు జారకుండా ఉంటాయి.