పేరు మరచిన ఇల్లాలు: ‘ఇల్లలకగానే’ కథలో దాంపత్య హింస తొలి సూచనలు

దాంపత్య హింసను చిత్రించిన తెలుగు కథానవలల్లో దెబ్బ, తిట్టు, కట్నపు వేధింపు వంటి ప్రత్యక్ష చర్యలే ఎక్కువగా విమర్శకు విషయమయ్యాయి. వాటికి ముందు దశ ఎలా ఉంటుందన్న చర్చ తక్కువ. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ (అదే పేరు గల సంపుటి, 1995) ఆ దశను పట్టుకున్న కథ. ఇందులో భర్త చెయ్యెత్తడు, పైగా మెచ్చుకుంటాడు. అందువల్లనే దీనిని గృహిణి అస్తిత్వాన్వేషణగా చదవడం పరిపాటి అయింది. ఆ పఠనం తప్పు కాదు గాని అసంపూర్ణం.

ఈ కథకు మూలం పిల్లలకు చెప్పే ఈగ కథ. ఇల్లలుకుతూ పేరు మరచిన ఈగ ఎదురైన వారినల్లా అడుగుతూ పోతే, చివరకు గుర్రం కడుపులోని పిల్ల సకిలింపులో పేరు దొరుకుతుంది. అక్కడ మరపు నవ్వు పుట్టించే విషయం, దానికి కారకులు లేరు. సత్యవతి కారణం చూపారు. ఇల్లు నీదేనన్న మాటతో మొదలైన మరపు, అలికిన నేలకూ పెట్టిన ముగ్గుకూ దక్కిన మెప్పుతో బలపడుతుంది. ఆమె చదువుకు, పాటకు, బొమ్మలకు ఆ ఇంట్లో నిషేధం లేదు, మెచ్చుకోలూ లేదు. ఒక్క పనికే దక్కే మెప్పు తక్కినవాటిని అనవసరం చేస్తుంది. ఎదిరించడానికి ఆనవాలు దొరకని అదుపు ఇది.

తన పేరేమిటని ఆమె అడిగితే పనిమనిషికి గాని, పిల్లలకు గాని, పొరుగామెకు గాని ఆ ప్రశ్న బాధ కలిగించదు. ఎవరి వరుస వారు చెబుతారు. భర్త తన పేరుకు ముందు శ్రీమతి చేర్చుకోమని తేల్చేస్తాడు. వరుస చెప్పడంలో దోషం లేదు. నేటి విజయపురి సౌత్ నుంచి లాంచీలో చేరుకునే నాగార్జునకొండ నాటి ఇక్ష్వాకుల విజయపురి. అక్కడి మూడో శతాబ్ది శాసనాల్లో చాంతిసిరి శాంతమూల మహారాజు సోదరి, మహాతలవరుని భార్య. అయినా దాతగా నిలిచినది ఆమె పేరే. ‘ఇల్లలకగానే’లో వరుసలు మిగిలి పేరు పోయింది.

కథకు కీలకం దారిలో ఎదురైన పాత స్నేహితురాలు. బడిలో శారద సాధించిన ప్రథమ స్థానం, ఆమె సంగీతం, బొమ్మలు, స్నేహితురాళ్లకు ఆమె దూరమైన వైనం ఈమె నోటనే తెలుస్తాయి. రచయిత్రి వీటిని శారద తలపుల్లో పెట్టలేదు. ఎంత పోయిందో చెప్పాలంటే మునుపు ఎంత ఉండేదో ఎరిగిన మనిషి కావాలి. పుట్టింటికి ఆ చూపు లేదు, తల్లికి గుర్తున్నవి చెప్పించిన చదువు, ఇచ్చిన కట్నం. కాబట్టి స్నేహాలు తెగడాన్ని అనేక సూచనల్లో ఒకటిగా లెక్కించకూడదు. తక్కిన సూచనలను గుర్తించగల సాక్షి అక్కడే తొలగిపోతుంది.

1983లో శిక్షాస్మృతిలో చేరిన 498ఎ సెక్షన్ ఆత్మహత్యకో, తీవ్రమైన శారీరక, మానసిక హానికో దారితీసే ప్రవర్తనను క్రూరత్వమన్నది. 2005 నాటి గృహహింస చట్టం అవమానాన్ని, ఎగతాళిని కూడా లెక్కలోకి తెచ్చింది. శారద భర్త ఈ రెండింటికీ సులభంగా చిక్కడు. రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’లోని వెంకట్రావు పక్కన అతడు సౌమ్యుడే. అతణ్ణి హింసకుడనడం కథ ఇచ్చిన ఆధారాన్ని మించుతుంది.

అయితే ముగింపును విజయంగా చదవడంలోనూ చిక్కుంది. ఇకమీదట పేరు పెట్టి పిలవమని శారద చెప్పింది. అదుపుకు అలవాటుపడిన మనిషి మర్నాడు ఆ కోరికను ఎలా తీసుకుంటాడన్నది కథాపరిధిలో లేదు. వేధింపు ముదిరేది తరచుగా ఎదురు మాట వినబడిన తరువాతనే కనుక, కథ ఆగినచోట ఆమె పరిస్థితి తేలికపడిందని విమర్శకులు తీర్మానించడం తొందరపాటు.